ఒకటో తరగతికి పురుగు పట్టిన బియ్యం

సీతాకోకచిలుక మాకరోనీలోంచి పుడుతుందని ఈ ఊళ్లో ఒకటో తరగతి పిల్లలందరికీ తెలుసు. మొదట సగ్గుబియ్యం గింజ, అది గుడ్డు. తర్వాత మెలి తిరిగిన మాకరోనీ, అది గొంగళిపురుగు. శంఖంలా ఉండే ఇంకో రకం ప్యూపా. రెక్కలు విప్పినట్టుండే మరో రకానికి రంగు పూస్తే సీతాకోకచిలుక. నాలుగింటినీ థర్మకోల్ పళ్లెం మీద గుండ్రంగా అంటించి మధ్యలో బాణాలు గీస్తారు. సీతమ్మధారలో స్టేషనరీ కొట్టుకు వెళ్లి లైఫ్ సైకిల్ కావాలంటే చాలు, సీతాకోకచిలుకదా కప్పదా అని అడిగి తీసిస్తాడు. తల్లి కొంటుంది, తండ్రి అంటిస్తాడు, బిడ్డ మోసుకెళ్తుంది, టీచరు గోడకు తగిలిస్తుంది. ఇంతమంది కష్టపడినా అందులో పురుగన్నది ఎక్కడా తగలదు.

ఇది చూసి నాకు ఒళ్లు మండిందంటే అందులో స్వార్థం కొంత ఉంది. నేను బడి మొహం చూసినవాణ్ణి కాను. నా చదువంతా పోర్టు పక్కన ఒక ప్రైవేటు గోదాములో, పురుగుల దగ్గర సాగింది. ఓడలకెక్కే బియ్యం, గోధుమలు బస్తాలకు బస్తాలు పేర్చి ఉండేవి. వాటి మీద పెద్ద పట్టా కప్పి, అంచుల నుంచి గాలి పోకుండా ఇసుక నింపిన గుడ్డ గొట్టాలు చుట్టూ పరిచి, లోపల విషవాయువు వదిలే మందు బిళ్లలు పెట్టి మూసెయ్యడం మా పని. ఆ గొట్టాలను ఇసుక పాములనేవాళ్లం. ముప్పై ఏళ్లు నేను చేసిందల్లా పురుగు జీవితాన్ని మధ్యలో ఆపెయ్యడమే.

ఎవరినైనా చంపాలంటే ముందు వాళ్ల సంగతులు తెలియాలి కదా. మందు డబ్బా మీది పుర్రె బొమ్మ దగ్గర మొదలుపెట్టి, దాని కింది అక్షరాలు కూడబలుక్కుని, పొట్లాల కాగితాల మీద తెలుగు చదువుకుని, చివరికి ఒక ఆఫీసరు పారేసిన పురుగుల పుస్తకాన్ని నాలుగేళ్లు పట్టి పూర్తి చేశాను. ముక్కు పురుగు సంగతి అందులోనే తెలిసింది. ఆడపురుగు గింజకు ముక్కుతో చిన్న చిల్లు పెట్టి, లోపల ఒక్క గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్లపురుగు లోపలే పుట్టి, లోపలే తిని, లోపలే ప్యూపా అయి, నెల తిరిగాక గింజకు కన్నం పెట్టుకుని పెద్దపురుగుగా బయటికొస్తుంది. అంతవరకూ ఆ గింజ మల్లెపువ్వులా ఉంటుంది.

ఈ సంగతి తెలియక ఒక కుర్ర ఆఫీసరు, ఓడ వచ్చేసిందని తొందరపడి, మందు గింజ లోపలికి పూర్తిగా దిగకముందే, రెండు రోజులు ముందుగా పట్టా తీయించాడు. పైన తిరిగేవన్నీ చచ్చిపడి ఉన్నాయి. ఆయన చీపురుతో ఊడిపించి, పురుగు లేదని సంతకం పెట్టాడు. నెలకి ఆ బస్తాలు కదలడం మొదలెట్టాయి. ఆయనకు ప్రమోషన్ వచ్చింది, నాకు మెమో వచ్చింది. ఎన్నేళ్లయినా ఆయన సంతకం వంపు నాకు ఇంకా గుర్తే.

ఇక టీచరమ్మ సంగతి. పూర్ణా మార్కెట్‌లో నాకొక పాత స్నేహితుడున్నాడు. బియ్యం, పప్పుల కొట్టు. ఆయన సాయిబు, నేను వెలమల ఇంటివాణ్ణి, నన్ను బావా అంటాడు. ఆయన కూతురు మాత్రం చాచా, అంటే చిన్నాన్నా అంటుంది. ఈ వరసలు ఏ లెక్కలోనూ కుదరవు. మా పాత ఊళ్లో ఎవరూ ఆ లెక్క చూడలేదు. ఆ పిల్ల బి.ఇడి. చేసి మద్దిలపాలెం దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చేరింది. అది ఆమెకు మూడో బడి. మొదటి రెండింటివాళ్లూ సిలబస్ అవ్వలేదని పంపించేశారు. ఈ బడిలో కూడా చేరిన రెండు నెలలకే పిల్లల్ని చీమలు చూపించడానికి ఎండలో నిలబెట్టిందని తల్లులు ఫిర్యాదు చేశారు. ప్రిన్సిపాల్ మేడం పిలిచి, పేరెంట్స్ వచ్చే ఎగ్జిబిషన్‌లో లైఫ్ సైకిల్ యాక్టివిటీ నీదే, అది చూశాక నిన్ను ఉంచాలో లేదో చెబుతానందట.

ఆ సాయంత్రం కొట్టు దగ్గర కనబడి సంగతంతా చెప్పింది.

“మాకరోనీ అంటించేస్తే పోతుంది కదమ్మా. ఉద్యోగం ఉంటుంది,” అన్నాను.

“ఉంటాది చాచా. కానీ పిల్లలు అడుగుతారు కదా, ఇది ఎప్పుడు కదులుతాదని. ఏటి చెప్పను?”

“పురుగునే చూపించు మరి.”

“ఎక్కడ దొరుకుతాది? ఈ మూడోవాళ్లు కూడా పంపించేస్తే ఇంక నన్నెవరూ పిలవరు. ఏదైనా నెలలో పుట్టి పెరిగేది కావాలి. పిల్లలు ముట్టుకుంటే కుట్టకూడదు. పారిపోకూడదు.”

ముప్పై ఏళ్లుగా నా బుర్రలో ఎవరికీ అక్కరలేకుండా పడి ఉన్నదంతా ఆ క్షణాన ఒక ఉద్యోగానికి పనికొచ్చేలా కనబడింది. ముక్కు పురుగు, అన్నాను. అరకిలో పురుగు పట్టిన బియ్యం చాలు, నేను తెస్తాను, అన్నాను.

తెస్తాననడం తేలికే. బతుకంతా వెంటబడి చంపిన పురుగు, కావలసి వెతికితే ఊళ్లో ఒక్కటీ లేదు. సూపర్ మార్కెట్‌లో అడిగితే ఆ అమ్మాయి సెక్యూరిటీ వైపు చూసింది. మా వీధిలో ఇల్లిల్లూ అడిగాను. మా ఇంట్లోనా, ఛీ, అన్నారు అందరూ. అంటూనే ఇద్దరు ముగ్గురు వంటింటి తలుపు దగ్గరగా వేసుకున్నారు. చివరికి తిరిగి తిరిగి స్నేహితుడి కొట్టుకే వచ్చాను.

“బావా, పురుగు పట్టిన బియ్యం అరకిలో కావాలి.”

ఆయన అటూ ఇటూ చూశాడు. “గట్టిగా అనకు. ఏటి, నా కొట్టులో పురుగులా? ఎవడు సెప్పేడు నీకు?”

“ఎవడూ చెప్పలేదు. ఉంటే ఇమ్మంటున్నాను.”

“ఉంటేనేటి ఉంటే! మా తాత కాడ నుంచీ ఈ కొట్టులో పురుగన్నది నేదు. కావాలంటే ఎదురు కొట్టుకెళ్లు. బస్తాకి బస్తా పురుగులే అక్కడ.”

ఎదురు కొట్టుకెళ్లాను. అతనూ ఒట్టేసి, వేలు పెట్టి, నేను వచ్చిన కొట్టునే చూపించాడు. వెనక్కి వచ్చి, ఇది నీ కూతురి పాఠానికే అన్నాను. ఆయన తక్కెడ కింద పెట్టాడు.

“దాని పాటానికి నా పరువే కావాలేటి బావా?” అన్నాడు.

మర్నాడు ఇంటికి వచ్చాడు. మూడు వరసల న్యూస్ పేపరు, దాని మీద నల్ల కవరు, దాని మీద గుడ్డ సంచి. సారా సీసా తెచ్చినవాడిలా గుమ్మంలో పెట్టి, “ఇది ఇంటిది. కొట్టుది కాదు. గుర్తెట్టుకో,” అని చెప్పులు కూడా విప్పకుండా వెళ్లిపోయాడు. విప్పి చూస్తే అమోఘం. అంత బాగా పురుగు పట్టిన బియ్యం గోదాములో కూడా ఎప్పుడో గాని చూడలేదు.

గురువారాలు ఒక గంట నేను బడికి వెళ్లడానికి టీచరమ్మ మేడంని ఒప్పించింది. పిల్లల్ని ఆరు జట్లు చేసింది. జట్టుకొక గాజు సీసా, అందులో పురుగు లేని మంచి బియ్యం రెండు గుప్పిళ్లు, మా బియ్యంలోంచి ఏరిన పురుగులు పన్నెండు, మూతికి పల్చటి గుడ్డ, రబ్బరు బ్యాండు. పురుగుల్ని ఏరింది పిల్లలే. మొదట వేళ్లు ముడుచుకు కూర్చున్నారు. ఒక పిల్ల అరచేతిలో పురుగు నడిపించగానే మిగతావాళ్లు బల్లలెక్కేశారు.

“తాతా, దీనికి ముక్కుంది!”

“ముక్కు చివర నోరుంది, చూడు. ముక్కుతోటే కొరుకుతుంది.”

“మా మమ్మీ సూత్తే సంపేత్తాది.”

“పురుగునా, నిన్నా?”

“ఇద్దర్నీ.”

ముక్కు పురుగుకు ఒక విద్య ఉంది. కదిపితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. కాసేపు ఓపిక పడితే లేచి నడుస్తుంది. పిల్లలకు ఇది నచ్చినంతగా మరేదీ నచ్చలేదు. రెండో వారం ప్రిన్సిపాల్ మేడం తలుపు తీసేసరికి, ఎవరు మొదలెట్టారో గాని, తరగతి తరగతంతా చేతులు ముడుచుకుని బెంచీల మీద వాలిపోయింది. గుడ్ మార్నింగ్ చెప్పినవాడు లేడు. “వాట్ ఈజ్ దిస్?” అని ఆవిడ అడిగితే, “కదలకండి మేడం, వెళ్లిపోతే లేస్తారు,” అని టీచరమ్మ గొంతు లోపల అంది. మేడంకి వినబడింది. టీచరమ్మ మొహంలో రంగు పోవడం నేను చూశాను.

పది రోజులకు పెద్ద పురుగులన్నీ ఏరి తీసేశాం. సీసాల్లో ఉత్త బియ్యమే కనబడుతోంది. పిల్లలు రోజూ చూశారు, రోజూ ఏమీ లేదు. “తాతా, మోసమా?” అని ఒకడు అడిగాడు కూడా. ఈ దేశంలో నన్ను అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడిగినవాడు వాడొక్కడే. ఆ బడి ఆయా తుడుపు గుడ్డ ఆపి మమ్మల్ని చూసేది. విజయనగరం అవతల పల్లెనుంచి వచ్చిన రైతు ఇంటి మనిషి.

“ఏటి బాబూ, పురుగుల్ని పెంచుతన్నారా? మా ఊళ్లో అయితే ఎవులూ పెంచకుండానే పెరుగుతాయి,” అనేది.

నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. పుస్తకం చదివినవాడు ఎలా నవ్వుతాడో అలాగే నవ్వేవాణ్ణి.

ఎగ్జిబిషన్‌కు మూడు రోజులుందనగా మొదటి గింజకు కన్నం పడింది. ఎర్రటి కొత్త పురుగు బయటికొచ్చి ముక్కు తుడుచుకుంది. ఆ జట్టు పిల్లలు బడంతా తిరిగి మాకు బేబీ పుట్టిందని చెప్పారు. మర్నాటికి ఆరు సీసాల్లోనూ పుట్టాయి. టీచరమ్మ మొదటిసారి నా ఎదుట హాయిగా నవ్వింది. ఎగ్జిబిషన్ ముందురోజు సాయంత్రం నేను వెళ్తూ వెళ్తూ, పెద్దరికం ఆగక, ఆయాను పిలిచి, “రేపు పెద్దలొస్తారు. సీసాలు తళతళలాడాలి. మచ్చ కనబడకూడదు,” అని చెప్పాను.

మర్నాడు ఉదయం వెళ్లేసరికి సీసాలు తళతళలాడుతున్నాయి. ఆరింట్లోనూ ముత్యాల్లాంటి తెల్ల బియ్యం. పైన రెండేసి ఎండు వేపాకులు, ఒక్కొక్క ఎండు మిరపకాయ. పురుగన్నది లేదు.

“ఎంత పురుగు పట్టీసిందో బాబూ!” అంది ఆయా, మెచ్చుకుంటానని ఎదురుచూస్తూ. “మీరు సెప్పినారని పొద్దున్నే ఎండ రాగానే మేడ మీద గుడ్డేసి ఎట్టీసేను. ఆనక సేటతో సెరిగి ఏపాకేసేను. ఇంక ఆర్నెల్ల దాకా దీని దరికి పురుగు రాదు.”

టీచరమ్మ బెంచీ మీద కూలబడింది. గంటలో తల్లిదండ్రులొస్తారు. గోడల నిండా మిగతా తరగతుల మాకరోనీలు మెరుస్తున్నాయి. పిల్లలు వచ్చి సీసాలకు ముక్కులానించి, మా బేబీ ఏదీ అని ఏడుపు లంకించుకున్నారు.

“అయిపోయింది చాచా. మేడం దగ్గర నానే రాసిచ్చి ఎల్లిపోతాను. పొమ్మనిపించుకోను,” అంది.

నా కోపమంతా ఆయా మీదికి మళ్లింది. “ఐదు వారాల పాఠాన్ని చేటలో చెరిగేశావు కదా! ఎవరు చెప్పారు నీకు?”

“మీరే కదా బాబూ, మచ్చ ఉండకూడదన్నారు.”

నేను ఒక సీసాలోంచి మిరపకాయ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడే మళ్లీ అంది. “ఊరుకోండమ్మా, ఏడవకండి. పురుగెక్కడికెల్తాది? పైన తిరిగినవి పోనాయి. గింజలో ఉన్నది గింజలోనే ఉంటాది కదేటి.”

చీపురుతో ఊడిపించి సంతకం పెట్టిన ఆఫీసరు నా కళ్ల ముందు నిలబడ్డాడు. లోపల ఉంటుందని నాకు తెలుసు. అందుకు మెమో కూడా తీసుకున్నాను. కానీ ఏ గింజలో? అన్నీ మల్లెపువ్వుల్లాంటి గింజలే. మాకు గోదాములో రంగు మందు ఉండేది, గింజకు పూస్తే మూసిన చిల్లు కనబడేది. ఇప్పుడు ఇన్ని వేల గింజల్లో దేన్ని చీల్చను?

“కడిగితే తెలీదేటి?” అంది ఆయా.

“ఏం కడిగితే?”

“బియ్యం బాబూ. నీళ్లల్లో ఏత్తే పురుగు తిన్న గింజ తేల్తాది. రోజూ పారబోసేది అదే కదా. మీ ఇంట్లో బియ్యం కడగరేటి?”

కడుగుతారు. ముప్పై ఏళ్లు బియ్యం మధ్య బతికిన నేను మాత్రం ఏనాడూ ఒక్క గిద్దెడు కడిగి ఎరగను.

టీచరమ్మ అప్పటికే లేచింది. ఆయా వంటగదిలోంచి ఆరు స్టీలు బేసిన్లు తెచ్చి నీళ్లు పోసింది. తల్లులు, తండ్రులు ఫోన్లు పట్టుకుని లోపలికి వస్తూంటే పిల్లలు గుప్పిళ్లతో బియ్యం వదిలారు. బియ్యం అడుక్కి పోయింది. ఒక్కొక్క బేసిన్లో ఏడో, పదో గింజలు పైకి తేలాయి. ఆయా ఒకదాన్ని బొటనవేలి గోరు మీద పెట్టి నొక్కింది. గింజ రెండుగా విడిపోయింది. లోపల తెల్లగా, లావుగా, ముడుచుకుని ఒక పిల్లపురుగు. కొంచెం కదిలింది కూడా.

తర్వాత నేను చేసిందేమీ లేదు. పిల్లలు గోళ్లతో చీలుస్తూనే ఉన్నారు. “తాతా, ఇది నిద్దరోతంది. ముక్కు పొట్ట మీదెట్టుకుంది!” అని ఒక పిల్ల అరిచింది. ప్యూపా అంటే అదే. నా పుస్తకంలో అర పేజీ ఉంది. ఆ పిల్ల రెండు మాటల్లో చెప్పేసింది. ఇంకొకడి గింజలో పెద్దపురుగే బయటికి రావడానికి తల పెట్టుకుని ఉంది. టీచరమ్మ ప్రతి జట్టుకూ నల్ల కాగితం ఇచ్చి, ఏది ముందో ఏది తర్వాతో మీరే పేర్చండి అంది. చిన్నదా, లావుదా ముందు అని ఇద్దరు కొట్టుకోబోయారు. ఆమె జవాబు చెప్పలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూడమంది.

“మరి గుడ్డేదీ టీచర్?”

“కనబడదు. అంత సన్నం. నాకూ కనబడలేదు.”

పిల్లలు గుడ్డు చోట ఖాళీ ఉంచారు. ప్రిన్సిపాల్ మేడం వంగి చూసి, “ఇక్కడ ఒక సగ్గుబియ్యం పెట్టొచ్చు కదా?” అంది. “వద్దు మేడం, అది సగ్గుబియ్యం,” అన్నాడు ఇంతకుముందు మోసమా అని నన్నడిగినవాడు.

ఒక తల్లి ఫోను దించింది. “అంటే... మేం బాగుచేసి డబ్బాలో పోసుకునే బియ్యంలో కూడా...”

“ఉంటాదమ్మా,” అంది ఆయా. “తేలింది పారబోత్తే ఏటీ అవదు. పారబొయ్యకపోయినా ఏటీ అవదు. ఇన్నాళ్లూ అయ్యిందేటి?”

ఇంకొక తల్లి చేతిలోని టిఫిన్ బాక్సు మూత మెల్లిగా మళ్లీ మూసింది. మేడం చప్పట్లు కొట్టి, అందరూ రెండో తరగతి సౌర కుటుంబం వైపు రావాలని కోరింది. టీచరమ్మ బేసిన్లో చేతులు ముంచుకుని అలాగే నిలబడింది. పిల్లలు బాగా చేశారు కదా చాచా, అంది. తన సంగతి ఎత్తలేదు. ఎత్తడానికేముంది, మేడం మొహం ఇద్దరం చూశాం.

సోమవారం ముగ్గురు తల్లులు బడికి ఉత్తరం రాశారట, పిల్లలు అన్నం తినడం మానేశారని. తినే ముందు పిల్లలే బియ్యం కడుగుతామంటున్నారని ఇంకొకావిడ ఫోన్ చేసిందట. అది మెచ్చుకోవడమో ఫిర్యాదో మేడంకి అర్థం కాలేదు. బుధవారం దాకా పిలుపు లేదు. స్నేహితుడు రోజూ నాకు ఫోన్ చేసి, “ఏటైంది బావా? నా బియ్యం వల్లే పోయిందంటావా?” అని అడిగేవాడు. ఇంటిది, కొట్టుది కాదన్న తేడా ఆ మూడు రోజులూ ఆయనే మరిచిపోయాడు.

గురువారం మేడం పిలిచింది. టీచరమ్మను ఉంచేసింది. కారణం పురుగు కాదు. ఆ రోజు ఫొటోగ్రాఫరు తీసిన ఒక ఫొటో. ఆరుగురు పిల్లలు బేసిన్ మీద తలలు కలిపి, నోళ్లు తెరుచుకుని చూస్తూంటారు. అలాంటి మొహాలు గోడ మీది మాకరోనీ ముందు ఎవరికీ రాలేదు. ఆ ఫొటో మద్దిలపాలెం జంక్షన్‌లో ఫ్లెక్సీ అయి వేలాడుతోంది. మా విద్యార్థులు చేసి నేర్చుకుంటారు, అడ్మిషన్లు జరుగుతున్నవి, అని కింద. ఎంత దగ్గరికెళ్లి చూసినా బేసిన్లో మల్లెపువ్వుల్లాంటి బియ్యమే కనబడుతుంది. పక్కన ఆయా నిలబడి ఉండాలి. కత్తిరించేశారు. ఒక బొటనవేలు మాత్రం మిగిలింది.

ఉంచడానికి ఒక షరతు కూడా ఉంది. వచ్చే ఏడాది నుంచి లైఫ్ సైకిల్ వేరే టీచరుకిచ్చి, ఈమెకు రెండో తరగతిలో మొక్కల పాఠం ఇచ్చారు. మొక్కలకు పురుగులు పట్టవని మేడం నమ్మకం కాబోలు. నేను మండిపడ్డాను. టీచరమ్మ మండిపడలేదు, ఉద్యోగం ఉన్నవాళ్లకు కోపం తగ్గుతుంది. ఆమె తిన్నగా మేడం దగ్గరికి వెళ్లి, మొక్కల పాఠానికి వారానికొక గంట ఆయాను తరగతిలోకి పంపాలి, పొలం పని తెలిసిన మనిషి, అని అడిగింది.

ఆవిడ క్వాలిఫికేషన్ ఏమిటి అని మేడం అడిగిందట. తరగతిలోకి వచ్చి చెప్పాలంటే ఏదైనా ఉండాలి కదా అందట.

నేను ఆరు వారాలు ఆ తరగతిలో నిలబడి చెప్పాను. నా క్వాలిఫికేషన్ ఏమిటని ఒక్కరూ అడగలేదు. ఇస్త్రీ చొక్కా, కళ్లజోడు, జేబులో పెన్ను ఉన్న ముసలివాడు ఏదో ఒకటి చదివే ఉంటాడనుకున్నారు. పిల్లలు ‘ప్రొఫెసర్ తాత’ అని పిలుస్తూంటే మేడం కూడా ఒకసారి సర్ అంది.

నేనూ సరిదిద్దలేదు. నేను బడికే వెళ్లలేదన్న మాట ఇప్పుడు వెళ్లి చెబితే ఆయాను లోపలికి రానిస్తారో, నన్ను కూడా బయటికి పంపిస్తారో తేల్చుకోలేక, ఈ గురువారం కూడా చొక్కా ఇస్త్రీకిచ్చాను.